లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీ: మెయింటెనెన్స్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

మా బండి 2012 మోడల్ టాటా 2518. పది టైర్లు, కమిన్స్ ఇంజన్. సిమెంటు, బియ్యం, మిర్చి, ఏది దొరికితే ఆ లోడు వేస్తాం. బండి కొన్న కొత్తలో తెలియక చేసిన తప్పులు కొన్ని, విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్కుల పక్కన నిలబడి నేర్చుకున్నవి కొన్ని. తోటి ఓనర్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులుగా వాటిని ఇక్కడ రాస్తున్నాను. ఒకటి రెండు బండ్లున్న వాళ్ల కోసం ఇది. యాభై బండ్లున్న వాళ్లకు సొంత వర్క్‌షాపే ఉంటుంది.

ఎన్ని లక్షల కిలోమీటర్లు దాటితే బండి పాతబడినట్టు లెక్క?

ఇంత అని గీత లేదు. హైవే మీద సాఫీగా ఎనిమిది లక్షలు తిరిగినా ఇంజన్ విప్పని బండ్లున్నాయి. క్వారీలో తిరిగి రెండు లక్షలకే ఒళ్లు హూనమైనవీ ఉన్నాయి.

నన్నడిగితే ప్రశ్నలోనే చిన్న తిరకాసు ఉంది. పాత లారీ మొత్తానికి కలిపి ఒక వయసంటూ ఉండదు. మా బండి ఛాసిస్‌కు పదమూడేళ్లు దాటాయి. క్లచ్ ప్లేటుకు ఏడాదిన్నర. ఎడమ ముందు హబ్ బేరింగుకు నాలుగు నెలలు. స్టీరింగ్ బాక్సు మాత్రం కంపెనీ బిగించిందే, ఇంతవరకూ విప్పలేదు. కాబట్టి బండి ఎంత తిరిగిందని కాదు, ఈ పార్టు వేశాక ఎంత తిరిగిందని అడగాలి. కొత్త బండికైతే కంపెనీ ఇచ్చిన సర్వీసు పుస్తకం చాలు, ఎందుకంటే అన్నీ ఒకే రోజు పుట్టాయి. మన బండికి ఆ పుస్తకంతో పాటు మనం రాసుకునే నోట్‌బుక్కు కూడా ఉండాలి.

మీటరు ఆగిపోయి రెండేళ్లయింది. సర్వీసు ఎప్పుడు వచ్చిందో ఎలా తెలుస్తుంది?

డీజిల్ లెక్కన. బంకు బిల్లులు పారేయకుండా దాచండి. బండి సగటున లీటరుకు నాలుగు ఇస్తుంటే, 4,500 లీటర్లు తాగేసరికి 18,000 కిలోమీటర్లు తిరిగినట్టే.

మీటరు బాగున్న బండికి కూడా నాకు ఈ లెక్కే ఇష్టం. సిమెంటు ఫ్యాక్టరీ గేటు బయట లైన్లో ఇంజన్ ఆపకుండా, అడుగు అడుగు జరుగుతూ గడిపిన రాత్రి మీటరులో పడదు. డీజిల్‌లో పడుతుంది. ఘాట్ రోడ్డులో రెండో గేరులో ఎక్కిన ఇరవై కిలోమీటర్లు, నాలుగు లైన్ల రోడ్డు మీద ఖాళీగా వచ్చిన ఇరవై కిలోమీటర్లు మీటరుకు ఒకటే, ఇంజన్‌కు కాదు.

బిల్లులు పోయాయా? ఫాస్టాగ్ స్టేట్‌మెంటు తీయండి. ఏ తేదీన ఏ టోల్‌గేటు దాటిందో అందులో ఉంటుంది, ట్రిప్పులు లెక్కేసుకోవచ్చు. బండికి జీపీఎస్ ఉంటే పని ఇంకా సులువు.

నోట్‌బుక్కులో ఏమేం రాయాలి?

తేదీ, అప్పటికి కిలోమీటర్లు లేదా డీజిల్ లెక్క, ఏ పార్టు, ఏ కంపెనీది, ఎంతయింది, ఎవరు బిగించారు. వీటన్నిటికంటే ముఖ్యం ఏ పక్క, ఏ చక్రం అన్నది. దాన్నే అందరూ వదిలేస్తారు.

మా బండికి ఆరు నెలల్లో మూడుసార్లు వెనక హబ్ ఆయిల్ సీలు మార్చాం. మూడు ఊళ్లలో ముగ్గురు మెకానిక్కులు. ముగ్గురూ “సీలు పోయిందన్నా” అన్నారు, కొత్తది వేశారు, డబ్బులు తీసుకున్నారు. నోట్‌బుక్కు మొదలుపెట్టి పాత బిల్లులు ఎక్కిస్తుంటే అప్పుడు తెలిసింది, ఆ మూడూ ఒకే చక్రానివి అని. విప్పించి చూస్తే సీలు కూర్చునే రింగు మీద గోరు తగిలేంత గాడి పడి ఉంది. దాని మీద ఎన్ని కొత్త సీళ్లు వేస్తే మాత్రం ఏం లాభం? రింగు మార్చాక కారడం ఆగింది. ఆ మెకానిక్కులను అనడానికి లేదు. ఒక్కొక్కరూ ఒక్కసారే చూశారు. మూడుసార్లు చూసినవాణ్ణి నేనే.

ఆయిల్ తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నాం. ఇక మార్చడం ఎందుకు?

పోయడం వేరు, మార్చడం వేరు. డీజిల్ ఇంజన్‌లో ఆయిల్ నల్లబడేది మసి వల్ల. ఆ మసిని ముద్ద కట్టకుండా పట్టి ఉంచే మందులు ఆయిల్‌లో కలిపి ఉంటాయి, కొంతకాలానికి అవి ఖర్చయిపోతాయి. మీరు పోసిన రెండు లీటర్లలో ఉన్న మందు ఆ పాత మసికే చాలదు. పైగా ఫిల్టరు అలాగే ఉంటుంది. అది మూసుకుపోతే ఇంజన్‌కు ఆయిల్ ఆగకూడదని బైపాస్ వాల్వు తెరుచుకుంటుంది. అప్పటి నుంచి వడకట్టని ఆయిలే బేరింగులకు వెళ్తుంది. ఆయిల్ ప్రెషర్ లైటు మాత్రం వెలగదు. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

మా ఇంజన్ పాత రకం, మామూలు డీజిల్ పంపుది. 18,000 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు రెండూ మారుస్తాను. మీ బండి పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించండి. కొత్త ఇంజన్లలో, వాటికి చెప్పిన ఆయిలే పోస్తే, ఇంతకు రెండింతలు మూడింతలు కూడా ఉంటుంది.

గ్రేడు, అంటే ఆయిల్ చిక్కదనం, 15డబ్ల్యూ40. “పాత ఇంజన్ కదా, 20డబ్ల్యూ50 పోయించు, తాగడం తగ్గుతుంది” అని షాపులో సలహా ఇస్తారు. కొంచెం తగ్గుతుంది, అబద్ధం కాదు. కానీ తెల్లవారుజామున స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ టర్బో దాకా, రాకర్ల దాకా చేరడానికి ఆలస్యం అవుతుంది. ఆ కాసేపట్లోనే అరుగుదల ఎక్కువ. జ్వరం ఉందని తెలిసి థర్మామీటరు దాచిపెట్టుకున్నట్టు ఉంటుంది ఈ పద్ధతి.

ఆయిల్ దింపేటప్పుడు ఇంజన్ వేడిగా ఉండాలి. పాత ఫిల్టరును పారేయకుండా రంపంతో కోయించి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో చూడండి. నుసి మెరిస్తే అయస్కాంతం పెట్టండి. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా రాగి రంగులో మెరిస్తే బేరింగులు అరుగుతున్నాయని లెక్క. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది.

ఇంకో మాట. డిప్‌స్టిక్ మీద ఆయిల్ తగ్గితే కంగారుపడతాం గానీ, పెరిగితే ఇంకా కంగారుపడాలి. డీజిల్ గానీ కూలెంట్ గానీ కలుస్తోందన్నమాట. పలచబడి డీజిల్ వాసన వేస్తే ఒకటి, పాలు పోసిన టీ రంగుకు తిరిగితే రెండోది. అప్పుడు బండి ముందుకు కదలకూడదు.

ఎంత ఆయిల్ తాగితే ఇంజన్ విప్పి పని చేయించాల్సి వచ్చినట్టు?

పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగాయని తేల్చే ముందు బయటకు పోయే దార్లన్నీ చూడండి. ముందు సీలు, వెనక సీలు, టర్బో సీలు. అందరూ మర్చిపోయేది గాలి కంప్రెసర్. బ్రేకు ట్యాంకు వాల్వు లాగినప్పుడు నీళ్లతో పాటు నల్లటి ఆయిల్ పడుతుంటే, ఆయిల్ తాగుతున్నది ఇంజన్ కాదు, కంప్రెసర్. దాని రింగుల ఖర్చు ఇంజన్ పనిలో చిన్న వంతు కూడా కాదు.

తర్వాత పొగ. నల్లపొగ అంటే గాలి తక్కువ లేదా డీజిల్ ఎక్కువ: ఎయిర్ ఫిల్టరు, టర్బో పైపులు, డీజిల్ చల్లే నాజిల్స్, డీజిల్ పంపు. నీలిపొగ అంటే ఆయిల్ మండుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే నాజిల్ సరిగ్గా చల్లడం లేదు, లేదా కూలెంట్ లోపలికి వస్తోంది. లోడు మీద ఎక్కేటప్పుడు బ్రీదర్ పైపు (ఇంజన్ లోపలి ఒత్తిడి బయటకు వదిలేది) నుంచి రైలింజన్‌లా పొగ తన్నుతుంటే, స్టార్టింగ్ కష్టమైతే, మైలేజీ పడిపోతే, మూడూ కలిస్తే అప్పుడు ఇంజన్ పని గురించి మాట్లాడుకోవచ్చు. కంప్రెషన్ చూపించకుండా మాత్రం హెడ్డు విప్పనివ్వకండి.

మాలాంటి 5.9 లీటర్ల కమిన్స్ ఉన్నవాళ్లకు ఒక విషయం. ఈ ఇంజన్‌కు లైనర్లు (సిలిండర్లలో విడిగా దింపే గొట్టాలు) ఉండవు, పిస్టన్లు నేరుగా బ్లాకులోనే తిరుగుతాయి. లైనర్లున్న ఇంజన్‌లో పాతవి పీకి కొత్తవి దింపితే సరి. ఇక్కడ బ్లాకును బోరు కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్లు వేయాలి, లేదా స్లీవులు దింపించాలి. అది మంచి లేత్ మిషన్, మంచి చెయ్యి ఉన్న చోటే జరగాలి. అందుకే ఈ ఇంజన్‌లోకి దుమ్ము పోనివ్వకపోవడం మీద నాకు అంత పట్టుదల.

ట్యాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుల దగ్గర ఉంచాల్సిన సందు, కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ 0.51 మిల్లీమీటర్లు. ఫీలర్ గేజి లేకుండా చేతి అంచనాతో పెట్టేవాళ్లుంటారు. అనుభవం ఉన్నవాళ్లే, అయినా గేజి పెట్టమనండి.

కూలెంట్ ఖరీదు ఎక్కువ. బోరు నీళ్లు పోస్తే ఏమవుతుంది?

మన ప్రాంతంలో చాలా చోట్ల బోరు నీళ్లలో ఉప్పెక్కువ. ఇంట్లో నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే ఇంజన్ లోపల కూడా పేరుకుంటుంది. ఆ పొర వేడిని బయటకు వెళ్లనివ్వదు. రేడియేటరు సన్న గొట్టాలు పూడుకుపోతాయి. నీళ్లు తగిలే లైనర్లున్న ఇంజన్లలో ఇంకో నష్టం ఉంది. లైనరు అదురుకు దాని బయటి గోడ మీద చిన్న చిన్న నీటి బుడగలు పుట్టి పగులుతూ లోహాన్ని గిల్లేస్తాయి. చివరికి సూది మొనంత రంధ్రం పడి నీళ్లు ఆయిల్‌లో కలుస్తాయి. దీన్ని ఆపే మందు కూలెంట్‌లో ఉంటుంది, నీళ్లలో ఉండదు. దారిలో తప్పనిసరై నీళ్లు పోస్తే పోయండి, ఇంటికొచ్చాక మొత్తం దింపి మళ్లీ కూలెంట్ నింపండి.

వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వు పీకి పారేయడం మన దగ్గర పెద్ద అలవాటు. చాలా ఇంజన్లలో ఆ వాల్వు తెరుచుకోవడంతో పాటు పక్కదారిని మూస్తుంది కూడా. అది లేకపోతే కొంత నీరు రేడియేటరుకు పోకుండానే ఇంజన్‌లోకి తిరిగి వచ్చేస్తుంది. చలికాలం రాత్రి ఇంజన్ వేడెక్కదు, మైలేజీ పోతుంది. ఎండాకాలం లోడు మీద మళ్లీ వేడెక్కుతుంది. కొత్త వాల్వు వేయండి.

మిర్చి, పత్తి, ఊక లోడుల మీద తిరిగే బండికి రేడియేటరు బయట కూడా చూడాలి. రేకుల మధ్య దూది, పొట్టు ఇరుక్కుంటే లోపల ఎంత శుభ్రంగా ఉన్నా దండగే. నీళ్లు ఇంజన్ వైపు నుంచి బయటకు కొట్టాలి, రేకులు వంగని ప్రెషర్‌తో.

ఎయిర్ ఫిల్టరును రోజూ గాలి కొట్టించి శుభ్రం చేస్తున్నాం. చాలు కదా?

చాలడం అటుంచి, ఎక్కువ. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలి దగ్గర నుంచి కొడితే కాగితంలో కంటికి కనిపించని చిల్లులు పడతాయి. పైగా తీసిన ప్రతిసారీ కొంత దుమ్ము శుభ్రమైన వైపు రాలుతుంది. ఫిల్టరు డబ్బా దగ్గర ఇండికేటర్ ఉంటుంది. అది ఎరుపు చూపించేదాకా తెరవకండి. లోపలి చిన్న ఫిల్టరును అసలు కడగకూడదు, గాలి కొట్టకూడదు. మార్చడమే.

ఫిల్టరు నుంచి టర్బో దాకా వెళ్లే రబ్బరు పైపు ఇంకా ముఖ్యం. మా బండికి ఆ పైపు అడుగున, క్లిప్పు కింద బీట పడింది. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. కోతల సీజన్ మొత్తం పొలాల దుమ్ము ఆ బీటలోంచి నేరుగా ఇంజన్‌లోకి పోయింది, మేమేమో కొత్త ఫిల్టరు వేశామని ధీమాగా ఉన్నాం. ఇప్పుడు నెలకోసారి ఆ పైపు చుట్టూ చెయ్యి పెట్టి తడిమి చూస్తాను. లోపల వేలు తిప్పితే వేలికి మట్టి అంటకూడదు.

డీజిల్ ఫిల్టర్ల సంగతి?

రెండు ఫిల్టర్లుంటే రెండూ మార్చండి. అడుగున ఉన్న నీళ్ల డ్రెయిన్ వారానికోసారి వదలండి, వానాకాలం ఇంకా తరచుగా. ట్యాంకును సగం ఖాళీగా రాత్రంతా ఉంచితే లోపలి తేమ నీరై దిగుతుంది, అందుకే ఫుల్ ట్యాంకుతో బండి పెట్టడం మేలు. రోడ్డు పక్కన డబ్బాలో అమ్మే చవక డీజిల్ జోలికి పోవద్దు. పంపు, నాజిల్స్ ఖర్చు ముందు ఆ మిగులు ఏపాటిది?

గ్రీజు ఎన్ని రోజులకు కొట్టించాలి?

పాత బండికి వారానికోసారి. వాన నీళ్లలో నడిచినా, వాషింగ్ చేయించినా, వారం కాకపోయినా మళ్లీ.

అసలు గొడవ ఎన్నిసార్లన్నది కాదు, లోపలికి వెళ్లిందా లేదా అన్నది. గన్ను పెట్టి రెండు సార్లు నొక్కి, నిపిల్ చుట్టూ పచ్చగా అంటించి “అయిపోయింది” అంటారు. పాత నల్ల గ్రీజు బయటకు వచ్చి, వెనకే కొత్తది కనిపించాలి. ముందు చక్రాలు పక్కకు తిరిగే కింగ్ పిన్నుల దగ్గరైతే ముందు ఇరుసును జాకీ మీద లేపి కొట్టాలి. బరువు మీద ఉన్నప్పుడు ఒక పక్కే గ్రీజు వెళ్తుంది. ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్ క్రాసుకు నాలుగు కప్పుల్లోంచీ రావాలి. మూడింట్లోంచి వచ్చి ఒకటి పొడిగా ఉంటే, ఆ ఒక్కటే రేపు హైవే మీద షాఫ్ట్‌ను కింద పడేస్తుంది. గ్రీజు పోని నిపిల్‌ను అక్కడికక్కడే మార్పించండి, పది ఇరవై రూపాయల వస్తువు. కమాన్ల (బరువు మోసే పట్టాల స్ప్రింగుల) పిన్నులు, షాకిల్స్, బ్రేకు స్లాక్ అడ్జస్టర్లు (లైనింగు, డ్రమ్ము మధ్య సందు సరిచేసేవి), క్లచ్ షాఫ్ట్, ఇవీ లిస్టులో ఉండాలి.

హబ్బుల్లో మాత్రం తారుమారు. అక్కడ ఎక్కువైతే నష్టం. వేడికి కరిగి లైనింగుల మీదకు కారుతుంది.

బ్రేకుల విషయంలో పాత బండికి ప్రత్యేకంగా ఏం చూడాలి?

రోజూ బండి ఆపాక గాలి ట్యాంకుల వాల్వులు లాగి నీళ్లు వదలడం మొదటి పని. ఎయిర్ డ్రయర్ బాగుంటే నీళ్లు దాదాపు రావు. వస్తుంటే డ్రయర్ కార్ట్రిడ్జ్ అయిపోయింది. ఆ నీళ్లే వాల్వుల్లోకి పోయి తుప్పు పట్టిస్తాయి.

గాలి లీకు పరీక్షకు ఇంకొకరు అక్కర్లేదు. గాలి పూర్తిగా నింపి, ఇంజన్ ఆపి, చక్రాలకు చెక్కలు పెట్టి, సూది ఎక్కడుందో చూసుకోండి. టీ తాగి రండి. సూది కిందికి జారిందంటే లీకు ఉంది. తర్వాత బ్రేకు తొక్కిపెట్టి మళ్లీ చూడండి. తొక్కినప్పుడే పడిపోతే లీకు చాలావరకు బ్రేకు చాంబర్ల డయాఫ్రమ్‌లో (రబ్బరు పొరలో) ఉంటుంది. సబ్బు నీళ్లు పూస్తే ఎక్కడో బుడగలు చెబుతాయి.

స్లాక్ అడ్జస్టర్లు మామూలువైతే లైనింగు అరిగే కొద్దీ బిగించుకోవాలి. చక్రం లేపి, లైనింగు డ్రమ్ముకు తగిలేదాకా బిగించి, ఫ్రీగా తిరిగేదాకా వదలాలి. అన్ని చక్రాలకూ ఒకే తీరుగా చేయాలి, ఒక పక్క ఎక్కువైతే బండి లాగుతుంది. ఆటోమేటిక్ అడ్జస్టర్లయితే చేత్తో తిప్పుతూ ఉండకూడదు. అవి వాటంతట అవి బిగుసుకోవడం లేదంటే చెడిపోయినట్టే.

హ్యాండ్ బ్రేకు చాంబర్లను దారిలో ఎవరితోనూ విప్పించవద్దు. లోపల చాలా బలమైన స్ప్రింగు నొక్కి పెట్టి ఉంటుంది. దాన్ని బోల్టుతో కట్టేయకుండా మూత విప్పితే తూటాలా వచ్చి తగులుతుంది. ప్రాణాలు పోతాయి.

శ్రీశైలం ఘాట్ గానీ మారేడుమిల్లి నుంచి చింతూరు దిగే ఘాట్ గానీ, డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో దిగే డ్రైవర్లు ఇంకా ఉన్నారు. ఇంజన్ పట్టు పోయాక బరువంతా లైనింగుల మీదే. వేడెక్కిన డ్రమ్ము వ్యాకోచిస్తుంది, లైనింగు జారుతుంది, ఎంత తొక్కినా బండి ఆగదు. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ దాదాపు అదే గేరు. ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారి మూసి ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) పనిచేయకపోతే లోడుకు ముందే బాగు చేయించండి.

టైర్ల విషయంలో డబ్బులు ఎక్కడ పోతున్నాయి?

జంట టైర్ల మధ్య. రెండింట్లో ఒకదానిలో గాలి తక్కువుంటే బరువంతా రెండోది మోస్తుంది. ఇదీ వేడెక్కుతుంది, అదీ నలిగి వేడెక్కుతుంది. రాడ్డుతో కొట్టి శబ్దం విని గాలి చెప్పే పెద్ద డ్రైవర్లంటే నాకు గౌరవమే, కానీ గేజి పెడితే పది ఇరవై పీఎస్ఐ తేడా వస్తోంది. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. మధ్యాహ్నం వేడికి పెరిగిందని వదిలేయకూడదు.

కొత్త టైరుకు బాగా అరిగిన టైరును జత కట్టకండి, ఎత్తు తేడాకు పెద్దదే మొత్తం మోస్తుంది. రీట్రెడ్ టైర్లు (అరిగినదాని మీద కొత్త రబ్బరు వేసినవి) వెనకే, ముందుకు వద్దు. ట్రెడ్ లోతు 1.6 మిల్లీమీటర్ల కంటే తగ్గితే చట్టం ఒప్పుకోదు, నిజానికి లోడు బండికి అంతదాకా ఆగడమే ఎక్కువ. సందులో రాయి ఇరుక్కుంటే అప్పుడే తీసేయాలి. చక్రం విప్పి బిగించాక ఓ 50–100 కిలోమీటర్లు పోయి ఆగి, వీల్ నట్లు మళ్లీ ఒకసారి బిగించండి. నట్టు చుట్టూ తుప్పు రంగు గీతలు కారి ఉంటే అది వదులుగా ఉందని అర్థం.

కమాన్ కట్టలు తరచూ విరుగుతున్నాయి. నాణ్యత లేకనా?

కొన్నిసార్లు. ఎక్కువసార్లు కట్టను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు వదులై. కట్ట మార్చాక మొదటి లోడుకు పట్టాలు సర్దుకుంటాయి, యూ బోల్టులు వదులవుతాయి. ఆ లోడు దింపాక మళ్లీ బిగించకపోతే సెంటర్ బోల్టు తెగుతుంది, ఇరుసు జరుగుతుంది, టైర్లు అరిగిపోతాయి. ఒక జబ్బుకు మూడు బిల్లులు.

ఇంకో కారణం మనకు తెలిసిందే. 2518 అంటే 25 టన్నులు, 180 హార్స్‌పవర్. 2018లో మూడు ఇరుసుల బండి మొత్తం బరువు పరిమితి 28.5 టన్నులకు పెరిగాక, “ఇప్పుడు ఎక్కువ వేయొచ్చు” అని పాత బండ్ల మీదా వేస్తున్నారు. పేరులోనే 25 అని ఉన్న బండి కమాన్లకు ఆ మాట ఎవరు చెప్పాలి?

గేర్ బాక్సు, హౌసింగ్ (వెనక ఇరుసు గేర్లుండే డబ్బా) ఆయిల్ జన్మలో మార్చలేదు. బాగానే ఉంది.

ఇది ప్రశ్న కాదు గానీ తరచూ వినే మాట. మార్చండి. ముందు బ్రీదర్ శుభ్రం చేయండి. హౌసింగ్ మీద బురద పట్టి బ్రీదర్ మూసుకుపోతే, వేడికి లోపల ఒత్తిడి పెరిగి సీళ్లను తోసుకుని ఆయిల్ బ్రేకు డ్రమ్ముల్లోకి వస్తుంది.

కొత్త బ్యాటరీలు ఏడాదికే పోతున్నాయి. ఎందుకు?

మ్యూజిక్ సిస్టమ్ ఎక్కడ కలిపారో చూడండి. లారీది 24 వోల్టులు, రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరుసగా కలిపి. పాటల డబ్బా, ఫోన్ చార్జరు, సీరియల్ లైట్లు 12 వోల్టులవి. వాటిని ఒక్క బ్యాటరీ నుంచే లాగితే అది ఎప్పుడూ తగ్గుతూ ఉంటుంది. డైనమో రెండింటికీ కలిపి చార్జింగ్ పెడుతుంది కాబట్టి రెండోది ఎక్కువై ఉడుకుతుంది. రెండూ పోతాయి. 24 నుంచి 12కు తగ్గించే కన్వర్టరు పెట్టించండి. మార్చేటప్పుడు రెండూ ఒకేసారి, ఒకే కంపెనీవి. అదనపు లైట్లకు ఫ్యూజు లేకుండా వైర్లు లాగితే క్యాబిన్‌కే నిప్పు.

సెకండ్ హ్యాండ్ బీఎస్6 బండి కొంటున్నా. ఏం తేడా?

కొత్త పొగ నిబంధనల కింద 1 ఏప్రిల్ 2020 నుంచి వచ్చిన బండ్లవి. పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది, 32.5 శాతం యూరియా ద్రావణం, అంటే మనం డీఈఎఫ్ అని పోసేది, విడిగా ట్యాంకులో ఉంటుంది. ఇంట్లో యూరియా బస్తా విప్పి నీళ్లలో కలిపి పోసినవాణ్ణి చూశాను. ఎరువుల యూరియాలోని మలినాలు డీఈఎఫ్ నాజిల్‌ను, పొగను శుభ్రం చేసే క్యాటలిస్టును పాడుచేస్తాయి. ఆ రిపేరు ఖర్చుతో ఏళ్ల తరబడి డీఈఎఫ్ కొనుక్కోవచ్చు. ఇంజన్ ఆయిల్ కూడా తక్కువ బూడిద మిగిల్చే సీకే-4 రకమే పోయాలి, లేకపోతే మసి ఫిల్టరు బూడిదతో నిండుతుంది. మసి కాల్చుకునే లైటు వెలిగితే డ్రైవరు ఇంజన్ ఆపేయకుండా పూర్తి కానివ్వాలి. కొనే ముందు స్కానర్ పెట్టించి పాత ఎర్రర్లు చూడండి.

ఒరిజినల్ పార్టులు కొనలేకపోతున్నాం. ఎక్కడ సర్దుకోవచ్చు?

అద్దాలు, బంపరు, లైట్ల గ్లాసులు, క్యాబిన్ తలుపుల సామాను లోకల్‌వి వేసుకోండి. డైనమో, సెల్ఫ్ మోటారు రిపేరు చేయించుకుని వాడొచ్చు. ఆటోనగర్‌లో విప్పిన బండ్ల గేర్ బాక్సులు కూడా, పళ్లు విప్పి చూసి, నంబరు కలిస్తే ఫర్వాలేదు. ఫిల్టర్లు, బేరింగులు, సీళ్లు, బ్రేకు లైనింగులు, స్టీరింగ్ బాల్ జాయింట్లు, వీటి దగ్గర బేరం వద్దు. బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి. కంపెనీ అట్టపెట్టెలో డూప్లికేటు పెట్టి అమ్మడం కొత్తేం కాదు.

ఫిట్‌నెస్‌కు ముందు ఏం చేయించాలి?

ఎనిమిదేళ్లు దాటిన బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. ఆటోమేటెడ్ స్టేషన్లలో రోలర్ మీద ప్రతి ఇరుసు బ్రేకు విడివిడిగా కొలుస్తారు, కుడి ఎడమల తేడా బయటపడుతుంది. కాబట్టి వారం ముందే బ్రేకులు సమానం చేయించండి, హెడ్‌లైట్ల ఎత్తు, పొగ చూపించుకోండి. రిఫ్లెక్టర్ టేపు ముందు తెలుపు, పక్కల పసుపు, వెనక ఎరుపు. నేషనల్ పర్మిట్‌కు రెండు ఇరుసుల బండికి 12 ఏళ్లు, మూడు ఇరుసులు అంతకు మించిన వాటికి 15 ఏళ్లు పరిమితి. పెద్ద ఖర్చు పెట్టే ముందు ఈ లెక్క చూసుకోండి.

క్లీనర్ లేడు. పొద్దున్నే డ్రైవరు ఒక్కడే పది నిమిషాల్లో ఏం చూడగలడు?

స్టార్ట్ చేయకముందు బండి కింద నేల చూడాలి. రాత్రి ఏం కారిందో అక్కడ రాసి ఉంటుంది. డిప్‌స్టిక్, కూలెంట్, ఫ్యాన్ బెల్టు. బండి చుట్టూ ఒక రౌండు: టైర్లు, నట్లు, కమాన్లు, లైట్లు. స్టార్ట్ చేసి గాలి నిండుతుండగా లీకు శబ్దం. కదిలిన వెంటనే ఒకసారి బ్రేకు. సాయంత్రం ఆపేటప్పుడు ఇంజన్‌ను రెండు మూడు నిమిషాలు ఖాళీగా తిరగనిచ్చి ఆపాలి, టర్బో చల్లబడుతుంది. కొత్త శబ్దం ఏదైనా వస్తే ఫోన్‌లో రికార్డు చేసి ఓనరుకు పంపమనండి. షెడ్డుకు తీసుకెళ్లేసరికి ఆ శబ్దం ఎలాగూ రాదు.

ఇంజన్ పని చేయించాలా, బండి అమ్మేయాలా?

ఛాసిస్‌కు బీటలు లేకుండా, క్యాబిన్ తుప్పు పట్టకుండా, పర్మిట్‌కు ఇంకా మూడు నాలుగేళ్లుంటే ఇంజన్ పని చేయిస్తాను. ఛాసిస్ ఒకసారి వెల్డింగ్ పడి మళ్లీ అక్కడే విరిగితే అమ్మేస్తాను. మధ్యలో ఉన్న బండికి నోట్‌బుక్కు తీసి గత ఏడాది ఖర్చును పన్నెండుతో భాగించండి. కొత్త బండి కిస్తీ కంటే అది బాగా తక్కువుంటే, బండి నెలకు ఎన్ని రోజులు షెడ్డులో ఉందో కూడా లెక్కపెట్టి చూడండి. లోడు పోగొట్టుకున్న రోజులు బిల్లుల్లో కనిపించవు.

వాషింగ్ ఎన్నిసార్లు?

భీమవరం వైపు చేపల లోడుకు వెళ్లే బండ్లకు ప్రతి ట్రిప్పు తర్వాత. ఐసు కరిగిన నీళ్లు ఛాసిస్ మీదుగా కారుతూనే ఉంటాయి, క్రాస్ మెంబర్ల మూలల్లో తుప్పు అక్కడే మొదలవుతుంది. మిగతా వాళ్లకు నెలకు రెండుసార్లు చాలు. ప్రెషర్ నీళ్లు డైనమో మీద, వైరింగ్ జాయింట్ల మీద కొట్టనివ్వకండి. కడిగాక ఆరనిచ్చి, అదే రోజు గ్రీజు కొట్టించండి.